న్యూరోమాన్సర్ పాఠకాభిప్రాయాలకు ఓరుగల్లు టీక

ఓరుగల్లులో కూర్చుని వ్యాఖ్య రాయడానికి వేరే అనుమతి అక్కర్లేదు. కాకతి ప్రతాపరుద్రుని ఆస్థానంలో విద్యానాథుడు ప్రతాపరుద్రీయం రచిస్తే, మల్లినాథ సూరి కొడుకు కుమారస్వామి దానికి రత్నాపణమనే వ్యాఖ్య కట్టాడు. విద్యానాథుడు అలంకారం ఏదైనా సరే, ఉదాహరణలో రాజునే పొగిడాడు. మనకిప్పుడు రాజు లేడు, పాఠకుడున్నాడు. కనుక విలియం గిబ్సన్ 1984లో వెలువరించిన న్యూరోమాన్సర్ నవలను పక్కనబెట్టి, దాని మీద పాఠకులు విసిరే మాటలనే మూలంగా గ్రహిస్తున్నాం. నవలకు హ్యూగో, నెబ్యులా, ఫిలిప్ కె. డిక్ బహుమతులు మూడూ వచ్చాయి, దానికి మా అవసరం లేదు. మూలవాక్యాలకు కర్త ఎవరని అడగరాదు. కాజీపేటలో చాయ్ తాగే చోట ఇలాంటివి వాటంతటవే పుడతాయి.

మూలం: "యాభై పేజీలు సదివిన. మన్నువడ్డది, ఒక్క ముక్క సమజైతె ఒట్టు."

టీక: యాభై పేజీలు = అర్ధశతం పుటలు ("ఇరవై" అని పాఠాంతరం, అదే నమ్మదగినది); సదివిన = కన్ను వేసితిని; మన్నువడ్డది = విసుగును తెలుపు అవ్యయం, మట్టితో పని లేదు; ఒక్క ముక్క = పదమాత్రమైనను; సమజైతె ఒట్టు = బోధపడలేదు, ప్రమాణం చేయుటకు సిద్ధము.

తాత్పర్యం: కేస్ అనే దొంగ తన యజమానుల సొత్తే కాజేస్తాడు. వాళ్లు అతని నాడులను విషంతో చెడగొడతారు. ఇక మెదడుతో కంప్యూటర్ల లోకంలోకి దూరలేక, జపాన్‌లోని చీబా నగరంలో దిక్కు లేకుండా తిరుగుతుంటాడు. కథకు మొదలు ఇంతే. గిబ్సన్ మాత్రం యంత్రాల పేర్లు, మత్తుమందుల పేర్లు, కంపెనీల పేర్లు మనకు చిన్నప్పటి నుంచీ తెలిసినట్టే కుమ్మరించి పోతాడు. బడిలో ప్రతి పద్యం కిందా ప్రతిపదార్థం చూసి పెరిగినవాళ్లకు ఇది అన్యాయమే. అయినా భవిష్యత్తులో బతికేవాడు తన జేబులోని వస్తువును తనకే వర్ణించి చెప్పుకుంటూ నడవడు కదా! ఆ మొండితనమే ఈ నవలకు ప్రాణమని వ్యాఖ్యాత అభిప్రాయం. అర్థం కాలేదని ఒప్పుకున్నవాడే తక్కినవారి కంటె నిజాయితీపరుడని కూడా.

మూలం: "గింత ఫ్యూచర్ అని సెప్తడు, ఒక్కనికి సెల్‌ఫోన్ లేదేందిర బై?"

టీక: బై = సఖా; తక్కినది స్పష్టము.

విశేషం: ఈ వాక్యానికి కాలనిర్ణయం సులువు. మన దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జులై 31న జ్యోతి బసు కలకత్తా నుంచి ఢిల్లీలోని సుఖ్‌రామ్‌కు చేశాడు. ఈ అభిప్రాయం అంతకు ముందుది కానేరదు.

శంక: నవలలో ఇస్తాంబుల్ హోటల్ లాబీలో వరసగా ఉన్న ఫోన్ల పక్క నుంచి కేస్ నడుస్తుంటే, అతను దాటుతున్నకొద్దీ ఒక్కొక్కటే మోగుతుంది. చేస్తున్నది వింటర్‌మ్యూట్ అనే కృత్రిమ మేధ. అలాంటి మేధలను అదుపులో ఉంచడానికి ట్యూరింగ్ పేరుతో ఏకంగా పోలీసులున్నారు. ఇంత ఊహించినవాడు ఫోనుకున్న తీగ ఎందుకు తెంచలేకపోయాడు?

సమాధానం: నవల వచ్చిన 1984లోనే మన దేశంలో సీ-డాట్ అనే టెలిఫోన్ పరిశోధన సంస్థ పుట్టింది. పసుపుపచ్చ బోర్డుల ఎస్టీడీ బూత్‌లు హన్మకొండ చౌరస్తా దాకా రావడానికి ఇంకా సమయముంది. అంటే ఇక్కడి వారికి అప్పట్లో ఆ లాబీ ఫోన్ల వరసే భవిష్యత్తు. ట్రంక్ కాల్ బుక్ చేసి పొద్దంతా కూర్చున్నవాడెవడూ ఈ లోపం ఎత్తిచూపి ఉండడు. పైగా జేబులో మోగేదాన్ని నొక్కి ఆపెయ్యవచ్చు. నడిచే దారి పొడుగునా మోగుతుంటే ఏం చెయ్యాలి? సెల్‌ఫోన్ ఉండి ఉంటే ఈ ఘట్టమే ఉండేది కాదు. కాబట్టి దోషం గుణమైంది.

మూలం: "మూడు ఎంబీల ర్యామ్ అమ్ముకునుడేందో! మా బాపు పంపే గుడ్ మార్నింగ్ ఫొటోలే అంతకంటె ఎక్కువైతయ్."

టీక: కేస్ దగ్గరున్నది హాట్ ర్యామ్. హాట్ = దొంగ సొత్తు అయిన; "వేడెక్కిన" అను వారి వ్యాఖ్యను త్రోసిపుచ్చుతున్నాం. తాత్పర్యం రాయనక్కర్లేదు, పాఠకుడిదే న్యాయం. గిబ్సన్ ఈ నవలను చేత్తో కొట్టే టైప్‌రైటర్ మీద రాశాడు, కంప్యూటర్ల సంగతి తెలియకుండానే. ఆ తరవాత ఆపిల్ యంత్రం కొని, డిస్క్ డ్రైవ్ చేసే చప్పుడు విని పాడైపోయిందనుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు.

మూలం: "మ్యాట్రిక్స్ సినిమ సూసి కాపీ కొట్టిండు."

తాత్పర్యం: సినిమా 1999లో వచ్చింది. మనుమని ముక్కు తాతకు వచ్చిందన్నట్టుంది.

మూలం: "మొదటి లైన్ల ఆకాశం నీలంగ ఉన్నది."

ఇక్కడ ఘోరమైన వాదం ఉంది. నవల మొదట్లో ఆకాశాన్ని, ఏ ప్రసారమూ లేని టీవీ తెర రంగుతో పోలుస్తాడు. మిద్దె మీద యాంటెనా తిప్పుతూ "వచ్చిందా? వచ్చిందా?" అని అరిచిన దూరదర్శన్ తరానికి ఆ తెర బూడిద రంగు, బరబరమనే చుక్కలు. వారి పిల్లలకు అది మచ్చలేని నీలం, మధ్యలో "నో సిగ్నల్". ఒకే వాక్యం తండ్రికి మొగులు పట్టిన ఆకాశం, కొడుకుకు ఎండాకాలపు ఆకాశం. కవి హృదయం తండ్రి పక్షమే, సందేహం లేదు. కానీ కొడుకు తప్పు చదివాడని తీర్పు చెప్పబోతే, తండ్రి పుట్టిన ఏడాది తప్ప ఇంకో ఆధారం దొరకడం లేదు. తీర్పు వాయిదా వేశాం.

మూలం: "సీరీస్ తీస్తున్నరట గద, గప్పుడు సూస్తం తీ."

టీక: సీరీస్ = ఆపిల్ సంస్థ 2024లో ప్రకటించిన పది భాగాల దృశ్యరూపం; సూస్తం = చదవము; తీ = చర్చను ముగించు అవ్యయం; గప్పుడు = ఈ పదానికి కాలనిర్ణయం మా వల్ల కాలేదు.