కనిగిరి నుంచి హైదరాబాదు చూసొచ్చే పద్ధతి

హైదరాబాదు చూసి రావాలనుకునే కనిగిరి మిత్రబృందం మొదట జాగ్రత్త పడాల్సింది ఒక్క విషయంలో. హైదరాబాదు గురించి ముందే ఏమీ తెలుసుకోకూడదు. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవనీ, మెట్రో రైలు ఇంకా చార్మినారు దాకా పోదనీ తెలిసిపోతే దారి పొడుగునా వాదించుకోవడానికి ఏం మిగులుతుంది? కనుక్కోవాల్సిందల్లా గచ్చిబౌలిలో ఉండే ఫ్రెండు మనం పోయే శనివారం రూములో ఉంటాడా లేదా అన్నదే. కనిగిరిలో ప్రతి జట్టుకీ అలాంటివాడు ఒకడుంటాడు. అదీ వాణ్ని నేరుగా అడక్కూడదు. అడిగితే ఆ శనివారం వాడే ఊరికి వచ్చేస్తాడు.

తర్వాత తేదీ. పొగాకు బోర్డు వేలం కేంద్రం ఉన్న ఊరు కాబట్టి ఆరుగురి జట్టులో ఒకడికైనా బేళ్లుంటాయి. బేళ్లు మంచి ధరకు పోయిన వారం వాడే రాజు. కొనేవాళ్లు లేక ‘నో బిడ్’ పడిన వారం వాడికి ఫోన్ చేయకపోవడం మర్యాద. ఎరువుల కొట్టు నడిపేవాడికి వానలు మొదలయ్యే ముందు తీరదు, ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారికి పరీక్షల ముందు తీరదు. అందరికీ కుదిరే శనివారం కోసం ఎదురుచూసిన జట్లు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాయి. ఎవరికీ కుదరని శనివారాన్ని ఖాయం చేయడమే సరైన పద్ధతి. నష్టం అందరికీ సమానం కాబట్టి అలకలుండవు.

రైల్లో పోదామని ఎవరైనా అంటే పెద్దరికంగా నవ్వి ఊరుకోవాలి. నడికుడి–శ్రీకాళహస్తి లైను 2011–12 బడ్జెట్‌లో మంజూరైంది. పొడవు 309 కిలోమీటర్లు, పోయేది కనిగిరి మీదుగానే. ఆ ఏడు ఒకటో తరగతిలో చేరిన పిల్లలు తెలంగాణ చట్టం ప్రకారం మద్యం కొనుక్కునే వయసుకు, అంటే ఇరవై ఒకటికి దగ్గరపడ్డారు. లైను మాత్రం ఇంకా పూర్తి కాలేదు. కాబట్టి కారే గతి. 565 నంబరు జాతీయ రహదారి ఊళ్లోంచే మొదలైనట్టు మార్కాపురం, ఎర్రగొండపాలెం, మాచర్ల మీదుగా నాగార్జునసాగర్ చేరుస్తుంది. అక్కడ దిగి, 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యామును వెనక పెట్టుకుని ఒక ఫోటో దిగాలి. జలాశయం మధ్యలో దీవి మీద నాగార్జునకొండ మ్యూజియం ఉంది. ఇక్ష్వాకుల రాజధానిలో తవ్వి తీసినవాటిని నీళ్లు ముంచకముందే తరలించి అక్కడ దాచారు. చూడాలంటే లాంచీ ఎక్కాలి. లాంచీ అంటే ఆలస్యం. ‘ఈసారి తప్పకుండా చూద్దాం మామా’ అని బండెక్కాలి. ఈ మాట ఈ ప్రయాణంలో మళ్లీ మళ్లీ పనికొస్తుంది, కాస్త పొదుపుగా వాడుకోవాలి.

ఇంట్లో ఏం చెప్పాలన్నది సున్నితమైన సంగతి. ‘ఫిల్మ్ సిటీకి పోతున్నాం’ అన్నది వాడుకలో ఉన్న జవాబు. అయితే ఈ ప్రాంతపు ఆడవాళ్లకు మద్యం గురించి అబద్ధం చెప్పేముందు కొంచెం చరిత్ర చదువుకోవడం ఆరోగ్యానికి మంచిది. కనిగిరి 1970 దాకా నెల్లూరు జిల్లాలోదే. అదే నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు 1992లో సారా దుకాణాన్ని ఎత్తివేయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు వరసగా వచ్చాయి. వయోజన విద్య వాచకంలోని పాఠం చదివి ఒక ప్రభుత్వ ఆదాయాన్నే ఎండగట్టినవాళ్ల పక్కూరి ఆడవాళ్లకు, ఫోన్‌లో వెనక నుంచి వినిపించే పాట ఫిల్మ్ సిటీదో పబ్బుదో పోల్చుకోవడం లెక్కలోది కాదు. ఇంటి నుంచి ఫోన్ వస్తే పార్కింగ్‌లోకి పరుగెత్తాలని అనుభవజ్ఞులు అంటారు. ఎక్కడున్నామో నిజం చెప్పేస్తే పరుగు తప్పుతుంది గానీ, ఆ పద్ధతి పాటించినవాళ్లెవరూ కనపడలేదు.

శనివారం మధ్యాహ్నం చూడదగ్గ ప్రదేశాలు. గోల్కొండలో ఫతే దర్వాజా గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే కొండ కొమ్మున ఉన్న బాలాహిసారులో వినిపిస్తుంది. శత్రువు వస్తే పైవాళ్లకు తెలియడానికి ఆ ఏర్పాటు. మిత్రబృందం దీన్ని ఇంకో రకంగా అర్థం చేసుకోవాలి. చప్పుడు ఎలాగూ పైకి పోయింది, ఇంక మనుషులెందుకు? మూడొందలకు పైగా మెట్లు. పైకి పోయే దారిలోనే రామదాసు చెర ఉంది. సర్కారుకు చేరాల్సిన పన్నుల సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడని కంచర్ల గోపన్నను బంధించిన చోటు. జట్టు డబ్బు ఎవరి ఫోన్‌లో ఉందో వాణ్ని ఒక్కణ్నే ఆ మెట్ల దాకా పంపి చూపించి తీసుకురావడం మంచిది.

హుస్సేన్‌సాగర్ బుద్ధుణ్ని కారు కిటికీలోంచి చూస్తే చాలు. 1990లో నీళ్లలో మునిగి, 1992లో పైకి లేచిన విగ్రహం. ఇంకో గంట ఆగగలదు. చార్మినారు దగ్గర పార్కింగ్ వెతుకుతూ మూడు చుట్లు తిరిగితే మూడు వైపులా చూసినట్టే. నాలుగో వైపు ఫోటోల్లో ఎలాగూ ఉంటుంది. లాడ్‌బజార్లో గాజులు కొనడం మరవకూడదు. ఫిల్మ్ సిటీకి పోయినవాళ్లు చార్మినారు గాజులు ఎట్టా తెచ్చారన్న ప్రశ్న సోమవారం వస్తుంది. దానికి జవాబు ఆదివారమే ఆలోచించుకోవాలి.

ఇక అసలు కార్యక్రమం. తెలంగాణ ప్రభుత్వం 2015లో మైక్రో బ్రూవరీల నిబంధనలు తెచ్చాక జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు బీరు అక్కడే కాచి అక్కడే పోసే చోట్లు చాలా వెలిశాయి. ఒకదాని పేరు జీరో ఫార్టీ, హైదరాబాదు ఎస్‌టీడీ కోడ్. కనిగిరి వాళ్లకు ఇవి ఎంత వింతో తెలియాలంటే వాళ్లు దాటొచ్చిన అయిదేళ్లు గుర్తుండాలి. 2019 అక్టోబరు నుంచి 2024 అక్టోబరు దాకా ఆంధ్రప్రదేశ్‌లో మందు షాపులు ప్రభుత్వమే నడిపింది. తెలిసిన బ్రాండ్లు మాయమై భూమ్ భూమ్ బీరు లాంటి పేర్లు అల్మారాలు ఎక్కాయి. టీ బంకులో అయిదు రూపాయలకు ఫోన్‌పే నడిచే కాలంలో సర్కారు షాపు చాలాకాలం నగదే అడిగింది. అక్కణ్నుంచి వచ్చినవాడి ముందు ఆరు రకాల బీర్లు ఆరు బుల్లి గ్లాసుల్లో పెడితే, తాగాలో వేలం పాడాలో అర్థం కాక కూర్చుంటాడు.

ఆ ఆరింటిలో ఒకటి తప్పకుండా గోధుమ బీరే. నోట్లో పోసుకోగానే పొగాకు మిత్రుడు ‘ఏందిరా ఇది, అరటిపండు పిసికారా?’ అంటాడు. వాణ్ని వెక్కిరించడం మిగతావాళ్ల విధి. నిజానికి ఆ బల్ల దగ్గర సరిగ్గా రుచి చెప్పినవాడు వాడొక్కడే. గోధుమ బీరుకు వాడే ఈస్టు పులిసేటప్పుడు అరటిపండు, లవంగం వాసనలు పుట్టిస్తుంది. అరటిపండులో ఉండే పదార్థమూ అందులో పుట్టేదీ ఒకటే. గోడ మీద జర్మన్ అక్షరాల్లో 1516 అని రాసి ఉంటే దాన్ని కూడా భక్తిగా చూడాలి. కృష్ణదేవరాయలు కొండవీడు పట్టుకున్న మరుసటి ఏడు బవేరియాలో వచ్చిన శాసనం అది. బీరులో బార్లీ, హాప్స్ అనే చేదు పూలు, నీళ్లు తప్ప ఇంకేం వేయకూడదంది. అంటే ఆ గోడ కింద కూర్చుని తాగుతున్న గోధుమ బీరు ఆ శాసనానికి సరిపడదు. తర్వాత అక్కడి ప్రభువులే గోధుమ బీరు హక్కు తమ దగ్గర అట్టిపెట్టుకుని బాగా సంపాదించారు. మద్యం నియమాలు, ఖజానా అవసరాలు ఎట్టా నడుస్తాయో తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

మిత్రబృందం తప్పనిసరిగా పట్టించుకోకూడనిది నీళ్లు. బీరులో తొంభై శాతం పైగా నీళ్లే. కనిగిరి వాళ్లకు నీళ్ల రుచి తెలిసినంతగా దేశంలో చాలామందికి తెలియదు. భూగర్భ జలంలో ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల హద్దు దాటిన పల్లెలు చుట్టూ ఉన్నాయి. ఆ నీళ్లు తాగి పళ్లు గారబట్టినవాళ్లు, ఎముకలు వంగినవాళ్లు చాలా బంధువర్గాల్లో ఉంటారు. ఇరవై లీటర్ల క్యాను చూసి ఏ ప్లాంటుదో చెప్పగలిగినవాళ్లు ఇక్కడ దొరుకుతారు. బ్రూవరీలోనూ మొదటి పని నీళ్లతోనే. ముందు ఆర్‌ఓ పట్టి నీళ్లలోని లవణాలు తీసేస్తారు, తర్వాత ఏ రకం బీరుకు ఏ లవణం కావాలో కొలిచి కలుపుతారు. ఇంగ్లండ్‌లో బర్టన్ అనే పట్నం బావుల్లో జిప్సం కలిసిన గట్టి నీళ్లున్నాయి. ఆ నీళ్లతో కాచిన పేల్ ఏల్ బీరుకు ఎంత పేరొచ్చిందంటే, మిగతా ఊళ్ల వాళ్లు తమ నీళ్లలో జిప్సం కలిపి బర్టన్ నీళ్లు తయారుచేసుకోవడం మొదలుపెట్టారు. ఎరువుల కొట్టు మిత్రుడు వేరుశనగకు బస్తాలకొద్దీ అమ్మే జిప్సమే అది. నేలలోంచి తోడిన నీళ్లతో ఒక ఊరు ప్రపంచానికి బీరు అమ్మింది, ఇంకో ఊరు మోకాళ్లు పట్టుకుని కూర్చుంది. ఈ సంగతి బల్ల దగ్గర ఎత్తకూడదు. పాట సౌండులో ఎవరికీ వినపడదు కూడా.

మిగతా పరిచయస్తులనూ గుర్తుపట్టకూడదు. కౌంటరు బండ నల్లగా, చుక్కలు చుక్కలుగా మెరుస్తుంటే అది కనిగిరి నుంచి ఒంగోలు పోయే దారిలో ఉన్న చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ అయ్యుండొచ్చు. అలాంటి రాయి ఇంకెక్కడా దొరకదు. దాని మీద మోచెయ్యి పెట్టి ‘ఫారిన్ రాయిరా’ అనాలి. మెనూలో గుంటూరు చికెన్ ఉంటుంది. పొలంలో మిరప వేసి కోత కూలీ కూడా రాక తిట్టుకున్నవాడే దాన్ని ఆర్డరిస్తాడు, కారం చాల్లేదని బేరర్‌ను పిలుస్తాడు.

కల్లు మాట అసలే తేకూడదు. తాటిచెట్టు ఏ లైసెన్సూ, స్టీలు ట్యాంకూ, జర్మనీ నుంచి దిగుమతయ్యే హాప్సూ లేకుండా కొన్ని గంటల్లో చేసి పెట్టేదీ బ్రూవరీ పనే. గాల్లో ఉండే ఈస్టు చక్కెరను పులియబెడుతుంది. చెట్టు రసం సున్నం పూసిన కుండలో పడితే పులియదు, నీరా అవుతుంది. అదే నీరాకు నెక్లెస్ రోడ్డులో 2023లో ప్రభుత్వం ఏకంగా కెఫే తెరిచింది. ఊళ్లో గీత కార్మికుడు ముంతలో పోస్తే మొహం తిప్పుకున్నవాడు అక్కడ వరసలో నిలబడి ఫోటో దిగుతాడు. చూడదగ్గ దృశ్యమే.

రెండో గ్లాసు తర్వాత ఎవరో ఒకరు ‘ఇవన్నీ సరేగాని, మామూలు స్ట్రాంగ్ దొరకదా?’ అంటారు. అది పతనం కాదు, స్వస్థత. తెలంగాణకు ఈ బాధ తెలుసు. 2025 జనవరిలో బకాయిలు తీర్చలేదనీ ధర పెంచలేదనీ యునైటెడ్ బ్రూవరీస్ కింగ్‌ఫిషర్ సరఫరా ఆపేస్తే, సంక్రాంతి పండగ పూట రాష్ట్రమంతా దానిమీదే చర్చ. సరఫరా ఆ నెలలోనే మళ్లీ మొదలైంది, ఫిబ్రవరిలో ధర పదిహేను శాతం పెరిగింది.

బిల్లు వచ్చినప్పుడు లెక్కల మాస్టారికి ఇవ్వకూడదు. ఆయన చదువుతాడు. మనుషులు తాగే మద్యం జీఎస్టీ కిందికి రాదు, వ్యాట్ పడుతుంది. తిండికి జీఎస్టీ. ఇద్దరు కోడికూర తినలేదు, ఒకడు తాగింది నిమ్మసోడా. సర్వీస్ చార్జి బలవంతంగా వసూలు చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. అయినా ‘తీసేయండి’ అని అడగడం కనిగిరి పరువుకు తక్కువ కాబట్టి మూసుకుని కట్టి, పార్కింగ్‌లో పది రూపాయల దగ్గర అరగంట గొడవపడాలి. సగటున ఒక గ్లాసు ధరకు ఊళ్లో ఒక ఇంటికి దాదాపు నెలంతా తాగే నీళ్ల క్యాన్లొస్తాయన్న లెక్క కూడా మాస్టారే వేస్తాడు. అందుకే ఆయనకు బిల్లు ఇవ్వకూడదన్నది.

ఆ నిమ్మసోడా వాడు జట్టుకు ప్రాణం. వాణ్ని రెండు రోజులూ కొడుకులా చూసుకోవాలి. శని, ఆదివారాల రాత్రుళ్లు పోలీసులు రోడ్డు మీదే ఉంటారు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారికే పదివేల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. వాడు కూడా తాగితే కారు అక్కడే వదిలి క్యాబులో పోవడం తప్ప వేరే పద్ధతి లేదు. ఎదురొచ్చేవాడికీ ఇల్లుంది.

ఆదివారం రాత్రి తిరుగుప్రయాణంలో మళ్లీ సాగర్ వస్తుంది, మళ్లీ ‘ఈసారి’ అనాలి. మాచర్ల దాటాక వచ్చే నెల ఎక్కడికన్న చర్చ మొదలవుతుంది. నిమ్మసోడా వాడు భైరవకోన అంటాడు. మిగతా అయిదుగురూ ‘అక్కడేముందిరా’ అంటారు. సీఎస్ పురం దాటి పోతే అడవి కొండరాతిలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, పన్నెండు వందల ఏళ్లకు పైబడినవి, పక్కనే రెండొందల అడుగుల జలపాతం. కనిగిరిలో పొద్దున్నే టిఫిన్ చేసి బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరొచ్చు. దానికున్న లోపమల్లా దగ్గరగా ఉండటమే. ఇంకో మూడొందల కిలోమీటర్లు అవతల ఉండుంటే జట్టు ఈపాటికి రెండుసార్లు పోయుండేది.