ఎర్ర డబ్బాలో కారం

ప్రభుత్వం వాళ్లు స్వచ్ఛ సంకల్పం అనే కార్యక్రమం 2021 అక్టోబరులో మొదలెట్టి, పట్టణాల్లో ఇళ్లకి మూడేసి డబ్బాలు పంచారు. ఆకుపచ్చది తడి చెత్తకి, నీలంది పొడి చెత్తకి, ఎర్రది ప్రమాదకరమైన చెత్తకి. శ్రీకాకుళం, విజయనగరం జనం మరీ అంత అమాయకులా, కొత్త డబ్బాలో చెత్త వెయ్యడానికి? ఆకుపచ్చదాన్లో బియ్యం పోశారు, నీలందాన్లో నీళ్లు పట్టారు, ఎర్రదాన్లో ఏడాదికి సరిపడా కారం దాచారు.

పట్నం పొదుపు ఇదైతే, పల్లె పొదుపుకి దండం పెట్టాలి. పురుగుమందు అయిపోయిన డబ్బాకి ఉన్న గౌరవం అటకమీది ఇత్తడి బిందెకి లేదు. ఇసకేసి గిలకరించి, ఎండలో బోర్లిస్తారు. మొదట కిరసనాయిలు, తరవాత వంటనూనె, ఆఖరికి చేనుకి పట్టుకెళ్లే మంచినీళ్లు. డబ్బామీద ఎర్ర త్రికోణం, పుర్రె బొమ్మ అలాగే ఉంటాయి. అడిగితే, "ఏటవుద్ది బాబూ, సబ్బెట్టి కడిగేసినాం గదేటి!" పుర్రె కూడా శుభ్రంగా తళతళలాడుతుంటుంది.

ఇలాంటి డబ్బాల్ని పగలగొట్టి, ఊరికి దూరంగా పాతెయ్యమని 1971 నాటి పురుగుమందుల నిబంధనలు చెబుతున్నాయి. మూత బిగువుగా పడే డబ్బాని పగలగొట్టడానికి ఏ ఇల్లాలికి చేతులొస్తాయి చెప్పండి! 2013 జులైలో బిహార్‌లో ఛప్రా దగ్గర ఓ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉందని పరీక్షల్లో తేలింది. పోనిద్దురూ, వాళ్లకి మన సబ్బు దొరికి ఉండదు.

బాత్రూం యాసిడ్ మన ఇళ్లలో కూల్‌డ్రింక్ సీసాలోనే ఉంటుంది. పిల్లలు వాసన చూసే తాగుతారని మన ధీమా. తేదీ దాటిన మాత్రలు పారేస్తే పాపం కాబట్టి పక్కింటి మావకి ఇస్తాం. ఇన్వర్టర్ బ్యాటరీ చచ్చిపోతే యాసిడ్‌ని కాలవలో వంచేసి, మిగతాది పాత ఇనుము వాడికి తూకానికి వేస్తాం. తయారు చేసిన కంపెనీలే పాత బ్యాటరీల్ని వెనక్కి తీసుకునే ఏర్పాటు చెయ్యాలని 2022లో నిబంధనలొచ్చాయి. వాటికన్నా ముందు మన వీధిలోకి తోపుడుబండి వచ్చేస్తుంది.

ఒక్క జనాన్నే అంటే ఏం లాభం? ఇళ్లలోని ఇలాంటి చెత్త తీసుకోడానికి 20 చదరపు కిలోమీటర్లకి ఒక కేంద్రం పెట్టాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లో రాశారు. మీ చుట్టుపక్కల అలాంటిదెక్కడుందో తెలిసినవాళ్లు కాస్త దారి చెప్పండి. కాలిపోయిన ట్యూబులైటు చంకన పెట్టుకుని, పాదరసం చిందకుండా, నడిచే వస్తాను.