వెబ్‌సైట్ యజమానులకు నిశ్చింత సూత్రాలు

డొమైన్ కొన్నారు, హోస్టింగ్‌కు ఏడాది సొమ్ము ఒకేసారి కట్టారు. ఇంకా ఫైళ్లు పాడవుతాయేమోనని బెంగ దేనికి? ఈ సూత్రాలు తు.చ. తప్పకుండా పాటించండి. కొన్నాళ్లకు బెంగపడటానికి ఫైళ్లే ఉండవు.

1. బ్యాకప్‌ను సైటుతోపాటే ఉంచండి. అదే ఖాతాలో, అదే ఫోల్డర్‌లో 'బ్యాకప్.జిప్' అని పెట్టేస్తే వెతుక్కునే శ్రమ ఉండదు. పేరు ఊహించగలిగిన దారినపోయే దానయ్య కూడా మీ డేటాబేస్ పాస్‌వర్డ్‌తో సహా దించుకోవచ్చు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ భవనం ఒకటి తగలబడింది. సైటునూ బ్యాకప్‌నూ అక్కడే పెట్టుకున్నవారికి రెండూ కలిసే బూడిదయ్యాయి. తోడూనీడా అంటే అదీ!

2. రెండు డిస్కులను జంటగా నడిపే రెయిడ్-1 ఉంటే బ్యాకప్ అక్కర్లేదనుకోండి. ఒక డిస్కులో రాసింది రెండో డిస్కులోనూ పడుతుంది. మీరు పొరపాటున ఫైలు చెరిపేస్తే రెండోది కూడా అప్పటికప్పుడే చెరిపేస్తుంది. ఇంత విధేయత ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతుంది?

3. పాత బ్యాకప్ మీదే కొత్తది రాయండి. ఒక్కటుంటే చాలు, చోటు కలిసొస్తుంది. ఫైలు సోమవారం పాడై, ఆ సంగతి శనివారం మీ కంట పడితే, ఈలోగా పాడైన ఫైలునే రోజూ భద్రంగా దాచుకుని ఉంటారు.

4. డిస్కు నిండేదాకా వాడండి. కట్టిన డబ్బుకు న్యాయం జరగాలిగా. చాలా ప్రోగ్రాములు ఫైలును సేవ్ చేసేటప్పుడు ముందు దాన్ని ఖాళీ చేసి, ఆ తర్వాత కొత్తది రాస్తాయి. చోటు లేకపోతే మొదటి పని అవుతుంది, రెండోది ఆగుతుంది. మీ సెట్టింగుల ఫైలు సున్నా బైట్లతో, తేలిగ్గా, హాయిగా ఉంటుంది.

5. ఫొటోలను ఎఫ్‌టీపీలో ఆస్కీ మోడ్‌లో పంపండి. అది ప్రతి ఫైలునూ వ్యాసమే అనుకుని పంక్తి చివరి గుర్తులను సవరిస్తుంది. పీఎన్‌జీని రూపొందించినవారు ఈ ప్రమాదం ముందే పసిగట్టి, ఫైలు మొదటి 8 బైట్లలోనే ఆ గుర్తులను ఇరికించారు. అవి చెదిరితే ఫైలు పాడైందని వెంటనే తెలిసిపోతుంది. వాళ్లకు మరీ అనుమానం ఎక్కువ.

6. తెలుగు సైటైతే డేటాబేస్‌ను లాటిన్-1లో పెట్టండి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు కావాలి, ఎంత దుబారా! 'అమ్మ'లో అకారం, మకారం, పొల్లు, మళ్లీ మకారం: 12 బైట్లు. లాటిన్-1లోకి మార్చి సేవ్ చేస్తే '????' అని నాలుగే మిగులుతాయి. ఆ ప్రశ్నార్థకాల నుంచి అమ్మను మళ్లీ ఎవరూ తేలేరు.

7. బ్యాకప్‌ను ఎన్నడూ తెరిచి చూడకండి. 2017 జనవరి 31న, ప్రోగ్రాముల కోడ్ భద్రపరిచే గిట్‌ల్యాబ్ సంస్థ ఇంజినీరు ఒకరు ఒక సర్వర్ అనుకుని మరో సర్వర్‌లో డేటాబేస్ చెరిపేశారు. ఆపేసరికి సుమారు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. బ్యాకప్ చూద్దామంటే ఆ పెట్టె ఖాళీ. డేటాబేస్ వెర్షన్ 9.6, బ్యాకప్ తీసే ప్రోగ్రాము 9.2 కావడంతో అది పనే చేయడం లేదు. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు కూడా దారిలోనే తిరస్కరణకు గురయ్యాయి. చివరికి, ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిన కాపీ ఒకటి ఆదుకుంది. ఆ కాపీ కూడా తీయకపోయి ఉంటే మన సూత్రానికి నూటికి నూరు మార్కులు పడేవి.

ఇంత క్రమశిక్షణ తమ వల్ల కాదనేవారికి ఇంకో దారి ఉంది. మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజీలో, ఒకటి వేరే ఊళ్లో ఉంచుకోండి. పాతవి కొన్ని వారాలపాటు చెరపకండి. నెలకోసారి ఒక కాపీని ఖాళీ సర్వర్‌లో పెట్టి సైటు లేస్తుందో లేదో చూసుకోండి. లేస్తేనే అది బ్యాకప్, లేవకపోతే ఉత్త జిప్ ఫైలు. మార్చి 31 ప్రపంచ బ్యాకప్ దినోత్సవం, ఆ మర్నాడే ఏప్రిల్ ఒకటి. రెంటిలో మీ పండుగ ఏదో మీరే తేల్చుకోండి.