సిద్దిపేట సంతకం చెల్లని చోటు

సిద్దిపేటలో రిటైరైన సర్కారు బడి సారు సంతకానికి ఉన్న విలువ అంతా ఇంతా కాదు. చిట్టి ఎత్తినవాడికి ష్యూరిటీ కావాలంటే ఆయన గడపే తొక్కుతారు. బావమరిది బండి ఫైనాన్సుకు ఆయనే, పక్కింటాయన బ్యాంకు లోనుకూ ఆయనే. ఊళ్లో సగం అప్పులకు పూచీ పడ్డ ఆ పెద్దమనిషి, లండన్‌లో సొంత కొడుకు ఒక్క గది కిరాయికి తీసుకోవాలంటే జమానతు ఉండడానికి పనికిరాడని తేలింది. చేసిన నేరమల్లా ఇంగ్లండ్‌లో కాపురం లేకపోవడమే.

సారు పేరు అడగకండి. కొడుకునో బిడ్డనో విదేశానికి పంపిన ఏ గల్లీలోనైనా కనిపిస్తాడు.

పంపేటప్పుడు మాత్రం అందరూ ఆయన్నే నమ్మారు. మన బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం చదువు లోను 4 లక్షలు దాటితే మూడో మనిషి జమానతు కావాలి, ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తాకట్టు పెట్టాలి. కాబట్టి సారు ప్లాటు కాగితాలు బ్యాంకు బీరువాలోకి వెళ్లాయి. తర్వాత బ్రిటన్ వీసా వంతు. లండన్‌లో చదివేవాడు ఫీజు కాక నెలకు 1,529 పౌండ్ల చొప్పున 9 నెలల ఖర్చు, అంటే 13,761 పౌండ్లు, ఖాతాలో 28 రోజులు కదలకుండా చూపాలని 2025 నవంబర్ నుంచి నిబంధన. తండ్రి ఖాతా చూపితే వీసా ఆఫీసు సరేనంది. దేశం నమ్మిన ఆ ఖాతాను ఈస్ట్ హామ్‌లోని ఇళ్ల ఏజెంటు నమ్మలేదు.

“బాపూ, ఈడ ఉండేటోళ్లే సంతకం పెట్టాలంట.”

“నా పింఛన్ కాగితం పంపుత, చూపెట్టరాదు.”

“రూపాయల పింఛన్ లెక్కలకు రాదంట బాపూ.”

ఏజెంట్లు సాధారణంగా అడిగే లెక్క ఇది: గ్యారంటర్ బ్రిటన్‌లో ఉండాలి, నెల కిరాయికి కనీసం 36 రెట్లు వార్షికాదాయం ఉండాలి. కిరాయి వెయ్యి పౌండ్లయితే ఆదాయం 36 వేలన్నమాట. న్యూయార్క్‌లో అంకెలు ఇంకా పెద్దవి. అక్కడ చాలామంది ఓనర్లు కిరాయిదారుకు 40 రెట్లు, గ్యారంటర్‌కు 80 రెట్లు అడుగుతారు. 3,000 డాలర్ల ఫ్లాటుకు పూచీ పడాలంటే ఏటా 2 లక్షల 40 వేల డాలర్లు సంపాదించే మేనమామ కావాలి. అంతటి మేనమామ ఉన్నవాడు ఫ్లాటు వెతుక్కోడు, మామ ఇంట్లోనే దిగుతాడు.

ఇంగ్లండ్‌లో ఇన్నాళ్లూ ఒక ఉపాయం నడిచింది. గ్యారంటర్ లేనివాడు ఆరు నెలల కిరాయి ఒకేసారి కట్టి తాళంచెవి తీసుకునేవాడు. పేదవాళ్లకు ఇది అన్యాయమని, కొత్త రెంటర్స్ రైట్స్ చట్టం 2026 మే 1 నుంచి ఒక నెలకు మించి కిరాయి ముందుగా తీసుకోవద్దంది. మంచిదే. కానీ గ్యారంటర్‌ను అడగొద్దని మాత్రం అనలేదు. ముందు తలుపు తాళం తీయకుండా దొడ్డితలుపుకు మేకులు కొట్టినట్టయింది. ఇక ఫీజు తీసుకుని జమానతు అమ్మే కంపెనీలే గతి. ఫ్రాన్స్‌లోనైతే 30 ఏళ్ల వయసు వరకు కుర్రాళ్లకు ‘విజాల్’ పథకం కింద ఆ పూచీ ఉచితం. మనవాడు ఫ్రెంచి నేర్చుకోలేదు.

సారుకు కోపం నషాళానికెక్కింది. “మనిషిని సూడకుండ కాగితం సూసి ఇల్లు ఇస్తరా?” అని అరుగు మీద పంచాయితీ పెట్టాడు. ఆయన తలకు పైనే, గేటుకు కట్టిన బోర్డు మీద ఇలా ఉంది: టు లెట్, ఫ్యామిలీకి మాత్రమే, బ్యాచిలర్లకు ఇవ్వబడదు.

2018లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చిన ఊరిది. గది కోసం వచ్చే కుర్రాళ్లను సారు కాగితాలు అడగడు, మనిషినే చూస్తాడు. “ఏ ఊరు? ఇంటిపేరేంది? నీసు తింటరా? ఈడ మీకు తెల్సినోళ్లు ఎవరున్నరు?” ముప్పై ఆరు రెట్ల లెక్క లేదు గానీ, కులం అడగకుండా కులం కనుక్కునే లెక్క పక్కాగా ఉంది. లండన్ ఏజెంటు పెట్టే పరీక్షను ఆదాయం పెరిగితే పాసవ్వొచ్చు. సారు పరీక్షలో మార్కులు పుట్టుకతోనే పడతాయి. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం డిపాజిట్ రెండు నెలలకు మించొద్దంది తప్ప ఇంటిపేరు జోలికి పోలేదు.

పిల్లల్ని పంపే తల్లిదండ్రులకు ఒక మనవి. విమానం టికెట్టు కొనకముందే, గ్యారంటర్‌గా నిలబడే పథకం ఉందేమో యూనివర్సిటీని అడగండి, కొన్నిచోట్ల ఉంది. ఏడాది కిరాయి 50 వేల పౌండ్ల లోపుంటే ఇంగ్లండ్‌లో ఐదు వారాల కిరాయికి మించి డిపాజిట్ అడగకూడదని 2019 నుంచి చట్టముంది, అంతకు మించి పైసా కట్టొద్దు. ఈలోపు మీ పై పోర్షన్ ఖాళీగా ఉండి, ఎవరో తల్లి కన్న బ్యాచిలర్ వచ్చి గేటు కొడితే, ఇంటిపేరు అడగకుండా తాళంచెవి ఇవ్వండి.