నిట్రాడు మేకుకు: ఒక స్ప్రింక్లరు ఆత్మకథ

మా కొట్టం నిట్రాడుకు ఒక మేకు ఉంది. పెద్దాయన బతికున్నప్పుడు దానికి తుండుగుడ్డ తగిలించేవాడు. మొన్నమొన్నటిదాకా ఆ మేకుకు నేను వేలాడాను. సాలీడు నా చేతికీ ఒంటికీ కలిపి గూడు అల్లింది. నీళ్లు చిమ్మే నా నోట్లో కందిరీగ మట్టి పెట్టి మూసేసింది. వానాకాలంలో చూరు కారితే ఆ చుక్కలు నా మీద పడేవి. ఏళ్లుగా నేనెరిగిన నీళ్లు అవే.

నేను ఇత్తడి స్ప్రింక్లరును. కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలంలో ఒక పల్లె, ఆ పల్లె పొలిమేరలో రెండున్నర ఎకరాల ఎర్రనేల, దాని గట్టున ఈ కొట్టం. ఆఫీసు కాగితాల్లో నా పనిని తుంపర సేద్యం అని రాస్తారు. మా పెద్దాయనకు ఆ మాట నోరు తిరిగేది కాదు. "పోయి వాన తిప్పొస్తా" అని భార్యతో చెప్పి చేనికి బయల్దేరేవాడు. నా పనికి అంతకన్నా మంచి పేరు నేను వినలేదు.

ఎక్కడ పోత పోశారో, ఎవరు మరలు చెక్కారో నాకు గుర్తు లేదు. మా వంశం సంగతి మాత్రం తెలుసు. 1933లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, గ్లెండోరా అనే ఊళ్లో, నారింజ జాతి తోటలు పెంచే ఆర్టన్ ఎంగిల్‌హార్ట్ అనే రైతు మా మూలపురుషుణ్ణి తయారుచేశాడు. అదీ మా నేల లాగే వాన తక్కువ నేల. నన్ను తిప్పడానికి మోటారు అక్కర్లేదు. నాకు రెండు రంధ్రాలు. పెద్దది నాలుగున్నర మిల్లీమీటర్లకు కాస్త తక్కువ, అది దూరం కొడుతుంది. చిన్నది దాంట్లో సగం, దగ్గరి నేలను తడుపుతుంది. పెద్ద రంధ్రంలోంచి దూసుకొచ్చిన ధార నా చేతి కొసన ఉన్న గరిటె లాంటి వంపుకు తగులుతుంది. చెయ్యి పక్కకు ఎగురుతుంది. స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. తిరిగొచ్చిన చెయ్యి నా ఒంటికి టక్కున తగిలి నన్ను రవ్వంత పక్కకు జరుపుతుంది. అట్లా టక్కు టక్కుమంటూ చుట్టూ తిరిగొస్తాను. నేను చిమ్మే నీళ్లే నన్ను నడిపిస్తాయి.

మా జిల్లాలో ఏడాదికి సగటున 670 మిల్లీమీటర్ల దగ్గర వాన పడుతుంది. లెక్కకు అది తక్కువేమీ కాదనిపిస్తుంది. పడే తీరే కష్టం. ఒక నెలంతా మొగం చాటేసి, ఒక్క రాత్రి కుండపోతగా కురిసి, మట్టిని కడుక్కుని పోతుంది. తుంగభద్ర కర్నూలు పక్కనే పారుతున్నా మా చేనికి అందదు. బోరే మాకు దిక్కు. ఆ బోరు నీళ్లను కాలువ తీసి పారిస్తే ఎర్రనేల కాలువలోనే సగం తాగేది. చేని కొసకు చేరేసరికి కరెంటు పోయేది. మొదటి సాళ్లలో బుడ్డలు, అదే వేరుశనగ, నీళ్లెక్కువై పసుపు తిరిగితే, చివరి సాళ్లలో నీళ్లు లేక వాడేవి.

2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ సేద్యం పథకం మొదలైంది. డ్రిప్పు, స్ప్రింక్లర్లు సబ్సిడీ మీద ఇవ్వసాగారు. రెండేళ్లకు మా పెద్దాయన కర్నూలుకు తిరిగి తిరిగి, తన వాటాకు డీడీ కట్టి, మమ్మల్ని తెచ్చుకున్నాడు. ఆరు మీటర్ల నల్ల పైపులు ఒక ట్రాక్టరు నిండా, వాటి మధ్య గోనెసంచిలో మేం ఐదుగురం. ఆయన భార్య మమ్మల్ని ఒక్కొక్కరినే బయటికి తీసి, కొంగుతో తుడిచి, పసుపు బొట్టు పెట్టింది.

బిగించడం నేర్పడానికి వచ్చిన పిల్లవాడు ఒక పూటలో చెప్పేసి పోయాడు. పెద్దాయన ఆ పూట విన్నది బతికినన్నాళ్లూ పాటించాడు. పైపులు కలపగానే చివరి మూత బిగించేవాడు కాదు. ముందు కాసేపు నీళ్లు వదిలేవాడు. పైపులో దూరిన కీచురాళ్లు, గడ్డిపోచలు, బోరు మొదట కక్కే ఇసుక అన్నీ బయటికి పోయాకే మూత. ఆ నాలుగు నిమిషాల నీళ్లు వృథా అని చూసేవాళ్లు అనేవాళ్లు. ఆ నాలుగు నిమిషాలు వదలకపోతే ఆ చెత్తంతా నా గొంతులోకే రావాలి. నేను నిలబడే నిలువు పైపు నిటారుగా ఉందో లేదో ఒక కన్ను మూసి చూసేవాడు. అది కొంచెం వంగినా నేను ఒక పక్క నేల తవ్వేస్తాను, రెండో పక్క గాలిలోకి చిమ్ముతాను. ఒకరి నుంచి ఒకరికి పన్నెండు మీటర్లు, అంటే రెండు పైపుల దూరం. లైను మార్చినా అదే పన్నెండు. అట్లా నిలబెడితే నా వాన పక్కవాడి వాన మీద పడి, ఎక్కడా పొడి మచ్చ మిగలదు. ఒత్తిడి సరిగా ఉంటే నేను గంటకు 1,500 లీటర్లు పోస్తాను. ఆ దూరంలో అది పది మిల్లీమీటర్ల వానతో సమానం. రెండున్నర గంటలు నిలబెట్టి పక్క లైనుకు మార్చేవాడు.

నా జీవితంలో గర్వంగా చెప్పుకునేది బుడ్డలు ఊడలు దిగే రోజులు. బుడ్డచెట్టు పువ్వు పైన పూస్తుంది, కాయ నేలలో కాస్తుంది. విత్తిన నలభై రోజులకు పువ్వు రాలినచోట సన్నని ఊడ పుట్టి కిందికి దిగుతుంది. ఎర్రనేల ఎండితే పైన పెచ్చు కడుతుంది, ఊడ మొన ఆ పెచ్చును పొడవలేక అక్కడే మాడిపోతుంది. కాలువ నీళ్లు సాలు అడుగున పోతాయి గాని ఆ పెచ్చును మెత్తబరచవు. నేను మెత్తబరుస్తాను. సన్నని చినుకులతో ఆకు కడిగి, పెచ్చు నానబెట్టి, వేల ఊడలకు దారి చేస్తాను. ఆ మొదటి యాసంగి పెద్దాయన ఒక చెట్టు పెరికి, మన్ను దులిపి, ఒక్కో కాయ వేలితో తాకి లెక్కపెట్టాడు. లెక్క మధ్యలో ఆపి, ఆ చెట్టును భార్య చేతిలో పెట్టాడు. ఆమె మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.

2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది గాని ఎక్కువగా రాత్రిపూట వచ్చేది. ఆ చలిలో, తేళ్లూ పాములూ తిరిగే చేలో, టార్చిలైటు పట్టుకుని పైపులు మార్చడం ఎంత కష్టమో నేను చూశాను. నాకు మాత్రం రాత్రే అనుకూలం. గాలి ఉండదు, ఎండ ఉండదు. మధ్యాహ్నం గాలిలో నన్ను తిప్పితే సగం వాన పక్క చేనికి పోతుంది, ఇంకొంత నేల తాకకముందే ఆవిరవుతుంది.

పెద్దాయన లైను పెట్టి, ఈ కొట్టం ముందర మంచం మీద కంబళి కప్పుకుని పడుకునేవాడు. కళ్లు మూసుకునేవాడు గాని చెవులు మా మీదే ఉండేవి. ఐదు టక్కులు. మాలో ఎవడి చప్పుడు నెమ్మదించినా, ఎవడు ఆగినా, చీకట్లోనే కంబళి తోసి లేచేవాడు. నేరుగా ఆగినవాడి దగ్గరికే వచ్చేవాడు. మోటారు ఆపి, నన్ను తిప్పి విప్పి, నోట్లో ఇరుక్కున్న ఇసుకరవ్వను నోటితో ఊదేవాడు. పోకపోతే చీపురుపుల్ల. ఇనుప తీగ ఎప్పుడూ పెట్టలేదు. పంట అయ్యాక మమ్మల్ని కడిగి, నా మెడ కింద ఉండే వాషర్లు అరిగాయేమో చూసి, గోనెసంచిలో చుట్టి, అటక మీద పెట్టేవాడు. పైపులను కానుగచెట్టు నీడన పేర్చి మీద బోద కప్పేవాడు.

2014లో పెద్దాయన పోయాడు. చేను కొడుకు చేతికి వచ్చింది.

కొడుకు చెడ్డవాడు కాదు. అప్పులున్నాయి, పిల్లల చదువులున్నాయి, పగలు కర్నూలులో పని. అందుకని మోటారుకు ఆటో స్టార్టరు పెట్టించాడు. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. కొట్టం ముందర మంచం లేచిపోయింది. మా చప్పుడు వినే చెవి లేకుండా పోయింది.

ఒక రాత్రి నా గొంతులో రవ్వ పడింది. నా చెయ్యి ఆగిపోయింది. తిరగకుండా ఒక్క దిక్కుకే తెల్లవార్లూ చిమ్ముతూ ఉండిపోయాను. ఒక జానెడు వెడల్పున మట్టి కొట్టుకుపోయింది. అప్పుడే దిగిన ఊడలు బయటపడి గాలికి తెల్లగా వేలాడాయి. ఊడలకు దారి చేసిన నా చేతే వాటిని తవ్వి పారేసింది. ఆ తెల్లవారుజామును నేను మరవలేదు. కొడుకు పొద్దున వచ్చి చూసి, కోపంతో ఒక మేకు తీసుకుని నా నోట్లో పొడిచాడు. రవ్వ పోయింది. దాంతో పాటు నా రంధ్రం అంచు కూడా పోయింది. ఇత్తడి మెత్తన. ఒకసారి గీత పడితే ధార చీలిపోతుంది, దూరం పోదు, గరిటెకు సూటిగా తగలదు. తర్వాత నేను బిర్రుగా తిరుగుతున్నానని మెడకు గ్రీజు పూశాడు. నాకు నూనె గాని గ్రీజు గాని పూయకూడదు. నా కీలుకు నీళ్లే నూనె. గ్రీజుకు దుమ్మూ ఇసుకా అంటుకుని, ఆకురాయిలా నా వాషర్లను తినేశాయి. మెడ కింద నీళ్లు కారడం మొదలైంది. వాషరు ఖరీదు ఎంతని? ఒక టీ నీళ్ల ఖరీదు. అది మార్చలేదు. కారే చోట సైకిలు ట్యూబు ముక్క చుట్టి, తాడుతో కట్టాడు. దాంతో నేను తిరగడం మానేశాను.

అప్పటికే బోరు కూడా తగ్గింది. నీళ్లు తగ్గినప్పుడు ఐదుగురిలో ఇద్దరిని తీసేసి, మూతలు పెట్టి, ముగ్గురినే తిప్పాలి. అప్పుడు ఆ ముగ్గురికీ ఒత్తిడి అందుతుంది. పెద్దాయన అదే చేసేవాడు. కొడుకు ఐదుగురినీ ఉంచాడు. ఎవరికీ బలం చాలలేదు. ధార తుంపరగా విడిపోలేక, మా చుట్టూ దూరంగా గాజుల్లా వలయాలు పడి, మధ్యలో నేల పొడిగా మిగిలింది. ఆ ఏడు చేలో ఆ వలయాలు అట్లాగే పైరుగా కనిపించాయి, పచ్చగా అంచులు, ఎర్రగా నడుములు. ఊళ్లో వాళ్లు గట్టు మీద నిలబడి, స్ప్రింక్లర్లు దండగ అన్నారు. నాకు నోరుంటే ఆ రోజు మాట్లాడేవాణ్ణి.

మాలో ఇద్దరిని పాత ఇత్తడి కింద తూకానికి వేశారు. ఒకడు ఎవరో అడిగితే పోయాడు, తిరిగి రాలేదు. ఒకణ్ణి చేలోనే మరిచిపోతే ట్రాక్టరు గొర్రు కింద నలిగాడు. ఎండలో పడేసిన పైపులు పగుళ్లిచ్చాయి, కొన్నింటిని ఎలుకలు కొరికాయి. కొన్నింటిని కోసి పశువుల కొట్టానికి అడ్డంగా కట్టారు. నన్ను ఆ మేకుకు తగిలించిన రోజు ఏదో గుర్తు లేదు. ఆ రోజు ఎవరూ దాన్ని ఒక విషయంగా అనుకోలేదు.

వేలాడుతూ ఈ తలుపు సందులోంచి ఎన్నో చూశాను. శకునాల వైపు గుట్టల మీద, గని దాకా, నీలంగా సోలారు పలకలు పరుచుకున్నాయి, వెయ్యి మెగావాట్లట. 2021 మార్చిలో ఓర్వకల్లులో విమానాశ్రయం తెరిచారు. దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. మొదటి విమానం పైన పోతుంటే పెద్దాయన భార్య, ఇప్పుడు ముసలమ్మ, బయటికొచ్చి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. సెలవు రోజుల్లో రాతివనాలు చూడటానికి జనం కార్లలో వస్తారు. ఆ పలుగురాళ్ల మీద పడే వాన ఎక్కడికి పోతుందో, ఎట్లా నిలుస్తుందో చూసేవాళ్లు తక్కువ.

ఈ సంక్రాంతికి మనవడు వచ్చాడు. వాడికి హైదరాబాదులో ఒక గోల్ఫు మైదానంలో ఉద్యోగం. అక్కడ నీళ్ల పని వాడిదే. అవ్వ పక్కన కూర్చుని చెబుతుంటే విన్నాను. అక్కడ మా బంధువులు గడ్డి లోపలే, నేల మట్టానికి పూడి ఉంటారట. నీళ్లు రాగానే ఆ ఒత్తిడికి పైకి లేచి, తిరిగి, ఆగగానే మూత కిందికి దిగిపోతారట. ఆడేవాళ్లు రాకముందే, చీకటితోనే తడపాలట. గడ్డి పెరిగి మూత కుంగితే చుట్టూ తవ్వి మట్టానికి తేవాలి, లోపలి జల్లెడ విప్పి కడగాలి, ఎంత మేర తిరగాలో చిన్న మరతో సరిచేయాలి.

"అంత చాకిరీ గడ్డికా నాయనా?" అంది అవ్వ.

"గడ్డికే అవ్వా. ఒక్కటి తిరగకుంటే మరుసటి రోజుకు ఎండిన మచ్చ కనపడతాది. అందుకే రోజూ పొద్దున్నే అన్నీ చూసుకుంటా పోవాల."

"మీ తాత రాత్రంతా చూస్తాండె" అంది ఆమె. ఆ పైన ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు.

కాసేపటికి వాడు లేచి కొట్టంలోకి వచ్చాడు. నన్ను మేకు మీంచి దించి, సాలీడు గూడు తుడిచాడు. తాడు కోసి, ట్యూబు ముక్క పీకేశాడు. చీపురుపుల్ల తీసుకుని కందిరీగ మట్టిని మెల్లగా రాల్చాడు. ఆ పుల్లను నేను గుర్తుపట్టాను. రంధ్రం అంచును గోటితో తడిమి, "నాజిల్ పోయింది, స్ప్రింగు బాగుంది" అన్నాడు. వేలితో నా చేతిని పక్కకు లాగి వదిలాడు.

టక్కుమంది.

బయట కూర్చున్న అవ్వ తల తిప్పి చూసింది. వాడు మళ్లీ లాగి వదిలాడు. రెండోసారీ మోగాను.

"నాయనా, బోరు ఇప్పుడెంత పోస్తాంది?" అని తండ్రిని కేకేశాడు.

"ఏం పోస్తాదిరా, రెండు గంటలు. అదీ సన్నంగా."

"ఐదు వద్దు. రెండు పెడితే చాలు. కాయగూరలకు సరిపోతాది."

తండ్రి బదులు చెప్పలేదు. మనవడు నా మెడ విప్పి, అరిగి నల్లబడిన వాషరును బయటికి తీసి, కొలతకని చొక్కా జేబులో వేసుకున్నాడు. కర్నూలులో దొరుకుతుందేమో చూస్తానన్నాడు. నన్ను మళ్లీ మేకుకు తగిలించలేదు. విడిభాగాలన్నీ ఒక గుడ్డలో మూటకట్టి, దీపం పెట్టే గూట్లో, తడి తగలనిచోట పెట్టాడు. పండగ అయిపోయి వాడు బస్సెక్కి నెల దాటింది. వాషరు వాడి దగ్గరే ఉంది. కరెంటు వచ్చినప్పుడు ఆటో స్టార్టరు టప్పుమంటుంది, మోటారు మూలుగుతుంది, నీళ్లు కాలువలోకి పోతాయి. గూట్లో గుడ్డ మూటలోంచి నేను వింటూ ఉంటాను.