ఉప్పల్ రోడ్డు మీదే, కాస్త ముందుకు

నాకు తమ్ముడి లాంటి బ్రోకర్ ఒకడున్నాడు. సొంత తమ్ముడైతే ఇన్ని ప్లాట్లు చూపించేవాడు కాదు. మొన్న పొద్దున్నే ఫోన్ చేశాడు.

"అన్నా, వరంగల్ హైవే ఫేసింగు. నేషనల్ హైవే 163. ఉప్పల్ దాటి నేరుగా పోవుడే. ప్రీ లాంచ్ రేటు."

"ఉప్పల్ నుంచి ఎంత దూరం?"

"దూరం అడగకు అన్నా, కనెక్టివిటీ అడుగు."

ఇతని మాట తీసిపారేయలేను. ఘట్‌కేసర్‌లో గజం కొనమన్నప్పుడు నవ్వాను. బీబీనగర్ అన్నప్పుడు ఇంకా నవ్వాను, అక్కడికి ఎయిమ్స్ వచ్చింది. భువనగిరి, ఆలేరు, జనగామ అని అతను ముందుకు పోతూనే ఉన్నాడు, నేను నవ్వుతూనే ఉన్నాను. నవ్విన నాపచేను పండుతూనే ఉంది. అందుకే ఈసారి నవ్వకుండా కారెక్కాను. ఇల్లు కొనబోయే తోటి మధ్యతరగతి జీవుల మేలు కోరి, చూసింది చూసినట్టు ఈ గైడు రాస్తున్నాను.

లొకేషన్

సైట్ పేరు తర్లగూడ. ఉప్పల్ నుంచి హనుమకొండ, ములుగు, పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం. ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటాలి. తర్వాత వాజేడు, ఆ తర్వాత టేకులగూడెం. అక్కడికి తెలంగాణ అయిపోతుంది, రోడ్డు మాత్రం అయిపోదు. బోర్డుల మీద లిపి మారుతుంది. అదే తర్లగూడ: ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం, బస్తర్ ప్రాంతం, బీజాపూర్ జిల్లా. హైదరాబాద్ నుంచి దాదాపు 300 కిలోమీటర్లు. ఔటర్ రింగ్ రోడ్డుకు అవతల, రాబోయే రీజినల్ రింగ్ రోడ్డుకూ అవతల అని బ్రోషర్‌లో రాశారు. ఒక్క అక్షరం అబద్ధం లేదు.

పైగా కార్నర్ బిట్టు. ఇంద్రావతి వచ్చి గోదావరిలో కలిసే చోటు ఇక్కడికి దగ్గర్లోనే ఉంది. ఒక గట్టు తెలంగాణ, ఒకటి మహారాష్ట్ర, ఒకటి ఛత్తీస్‌గఢ్. రెండు రోడ్ల కార్నర్‌కే గజానికి వెయ్యి అదనంగా గుంజే మన మార్కెట్లో మూడు రాష్ట్రాల కార్నర్ అంటే మాటలా! వాజేడు మండలంలోనే బొగత జలపాతం ఉంది, దాన్ని ముద్దుగా తెలంగాణ నయాగరా అంటారు. "నయాగరా నుంచి కొద్ది నిమిషాలు" అన్న లైను మా తమ్ముడు అప్పుడే రాసిపెట్టుకున్నాడు.

రవాణా

ఈ రోడ్డు పాత నంబరు 202. ముల్లకట్ట వంతెన వచ్చి పదేళ్లు దాటింది. అంతకుముందు జాతీయ రహదారి గోదావరి గట్టు దాకా వచ్చి ఆగేది, అవతలి గట్టున మళ్లీ మొదలయ్యేది. మధ్యలో పడవ. ఇప్పుడా బాధ లేదు. వానాకాలంలో గోదావరి ఎదురుతన్ని టేకులగూడెం దగ్గర రోడ్డు మునిగినప్పుడు తప్ప రాకపోకలకు ఢోకా లేదు. అది మునగని ఏడాది అరుదు.

రైలు సంగతి అడిగాను. బీజాపూర్ జిల్లాలో రైలు పట్టా లేదు. అలాగని బస్తర్‌కు రైలు లేదనుకునేరు! 1960లలోనే కొండలు తొలిచి కొత్తవలస నుంచి కిరందుల్ దాకా లైను వేశారు. బైలాడీలా ఇనుప రాయి దాని మీద విశాఖ చేరి, ఓడెక్కి జపాన్ వెళ్లేది. అంటే బస్తర్‌లో రాయికి ఆరు దశాబ్దాలుగా రైలుంది. బీజాపూర్ మనిషికి కూడా వస్తుంది, కాస్త ఓపిక పట్టాలి. రాయికున్నంత ఓపిక ఉంటే చాలు.

వాస్తు

మన వాళ్లకు ఇదే ముఖ్యం కాబట్టి తేల్చి చెబుతున్నాను. నీళ్లు ఈశాన్యంలో ఉండాలి. తర్లగూడకు గోదావరి పడమటి వైపు, నైరుతి వైపు పోతుంది. దోషమే. గుమ్మాన్నయితే జరపగలం గానీ గోదావరిని జరపలేం. 2022 జూలైలో ఆ దోషమూ తీరిపోయింది. భద్రాచలంలో నది 71 అడుగులు దాటిన ఆ వారం, ఈ తీరంలో ఈశాన్యం, ఆగ్నేయం, బ్రహ్మస్థానం అన్న తేడా లేకుండా నీళ్లు వచ్చాయి. 1986లో అయితే భద్రాచలం దగ్గర 75 అడుగులు కూడా దాటింది. సిమెంటు డాబా పైకెక్కినవాడికి లేక్ వ్యూ, మట్టిగోడ వాడికి గోడే లేదు.

శాశ్వత లేక్ వ్యూ కూడా రాకపోదు. దిగువన తుపాకులగూడెం దగ్గర తెలంగాణ బ్యారేజీ కట్టింది. ఆ పేరు మొరటుగా ఉందనేమో, సమ్మక్క సాగర్ అని మార్చారు. దాని వెనక నీళ్లు ఛత్తీస్‌గఢ్ పొలాల్లోకి ఎంత మేర వస్తాయన్న దాని మీద రెండు రాష్ట్రాల మధ్య ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిచాయి. పొలం గలవాడికి మాత్రం ఉత్తరం రాలేదు. అతని చిరునామాకు వచ్చేవి నీళ్లే.

ఇరుగుపొరుగు

వైవిధ్యం కోరుకునేవారికి ఇంతకు మించిన చోటు లేదు. దొర్లలు, గోండులు, మురియాలు, హల్బాలు, తెలుగువాళ్లు అంతా చుట్టుపక్కల వాళ్లే. ఇక్కడి మనిషికి ఇంట్లో దొర్లి, సంతలో తెలుగు, బడిలో హిందీ. చెక్‌పోస్టు దగ్గర నాలుగో భాష ఒకటుంది, దాని పేరు మౌనం. అన్నిటికంటే బాగా వచ్చింది ఆ నాలుగోదే.

తెలుగు ఇక్కడికి నిన్న మొన్న రాలేదు. 1323లో ఓరుగల్లు కూలాక కాకతీయ ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి బస్తర్‌లో రాజ్యం పెట్టాడని ఆ వంశపు కథ. వరంగల్ నుంచి వచ్చి ఈ రూట్లో పెట్టుబడి పెట్టిన మొదటి ఇన్వెస్టర్ ఆయనే అనుకోవాలి. టోకెన్ అడ్వాన్స్ లేదు, రిజిస్ట్రేషన్ లేదు. 1948లో సంస్థానం ఇండియాలో కలిసేదాకా ఆరు వందల ఏళ్లకు పైగా స్వాధీనం ఆ వంశానిదే. ఆ కాకతీయుల మీదే తిరగబడిందని చెప్పుకునే సమ్మక్క జాతరకు ఇదే రోడ్డు మీదుగా బస్తర్ కోయలు మేడారం పోతారు. రాజుగారు ఇటు వచ్చారు, జనం మొక్కు అటు వెళ్తుంది. టూ వే ట్రాఫిక్ అంటే ఇదీ.

భద్రత

గేటెడ్ కమ్యూనిటీ కావాలా? ఉంది. గేటు రాష్ట్ర సరిహద్దులోనే ఉంది. పోలీసులు ఉన్నారు, తుపాకులు ఉన్నాయి. ఆధార్ చూపిస్తేగానీ లోపలికి రానివ్వని కాలం కూడా చూసింది ఈ దారి. అయితే ఈ మధ్య మనిషికన్నా వడ్లకు తనిఖీ ఎక్కువ. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఎకరాకు 21 క్వింటాళ్ల వరకు, క్వింటాలు 3,100 రూపాయలకు వడ్లు కొంటుంది. ఆ రేటు వినగానే పక్క రాష్ట్రాల వడ్లకు ఛత్తీస్‌గఢ్ మీద ఎక్కడలేని దేశభక్తి పుట్టుకొచ్చి, రాత్రిళ్లు లారీలెక్కి సరిహద్దు దాటాలని చూస్తాయి. అందుకే చెక్‌పోస్టులు.

ఇక హిల్ వ్యూ. వాజేడు, వెంకటాపురం వైపు నుంచి కర్రెగుట్టలు కనిపిస్తాయి. 2025 ఏప్రిల్, మే నెలల్లో 21 రోజులు అక్కడ ఆపరేషన్ నడిచింది. 31 మంది మావోయిస్టులు చనిపోయారని ప్రకటించారు. మా తమ్ముడు ఆ గుట్టలకేసి చెయ్యి చాపి, గొంతు తగ్గించి అన్నాడు: "తుపాకులు సల్లబడ్డయన్నా. రేటు లేచేది ఇప్పుడే. శాంతి పూర్తిగ వచ్చినంక కొంటే మనకేం మిగుల్తది?"

అప్పటిదాకా శాంతి అంటే శాంతి అనుకున్నాను. ప్రీ లాంచ్ అనుకోలేదు.

కాగితాలు

ఇక్కడే కాస్త ఆగాలి. ఫ్లాటు కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు, ఈసీ, రెరా నంబరు చూస్తాం. ఇక్కడ చూడాల్సింది ఒక్కటే: నువ్వెవరు?

సరిహద్దుకు ఇవతల, తెలంగాణ ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనకు 1970లో చేసిన సవరణ అది. గిరిజనుడు గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు, గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కి, ఏజెన్సీ భూమిని గనులకోసం ప్రైవేటు కంపెనీలకు ప్రభుత్వం కూడా లీజుకివ్వకూడదంది. సరిహద్దుకు అవతల, తర్లగూడలో, మధ్యప్రదేశ్ నుంచి వారసత్వంగా వచ్చిన 1959 నాటి భూరెవెన్యూ కోడ్. అందులో 165వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనుడి భూమి మన పేరు మీదికి మారదు. మోసంతో మారిందని తేలితే 170బి కింద వెనక్కి తిరిగిపోతుంది. ఆ 165ని కొంచెం వదులు చేద్దామని 2017 డిసెంబర్‌లో రాయ్‌పూర్‌లో సవరణ బిల్లు పాస్ చేశారు. ఆదివాసులు గోల చేస్తే 2018 జనవరిలో వెనక్కి తీసుకున్నారు.

"మరి మనమెట్లా కొంటాం?" అన్నాను.

"నీ డ్రైవర్ కోయ పిలగాడే గదన్నా. ఆయన పేరు మీద రాపిద్దాం."

"రేపు ఇల్లు నాదే అంటే?"

"అందుకే జీతం పెంచకు."

ఈ దేశంలో గిరిజనుడి పేరుకు ఇంత గిరాకీ ఉందని నాకు అప్పుడే తెలిసింది. పేరు కావాలి. ఆ పేరుగల మనిషి మాత్రం అవుట్‌హౌస్‌లో ఉండాలి.

ఈ దారిలో నిజంగా ఇల్లు వెతుక్కున్నవాళ్లు

బ్రోషర్‌లో లేని సంగతి ఒకటి చెప్పాలి. ఈ రోడ్డు మీద ఇళ్ల కోసం తిరిగినవాళ్లు మనకంటే ముందే వేలల్లో ఉన్నారు, కాకపోతే ఎదురు దిశలో. 2005 జూన్‌లో బీజాపూర్ పల్లెల్లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలైంది. అటు దళం, ఇటు జుడుం. మధ్యలో ఊళ్లు కాలాయి. కుండ, కోడి, బిడ్డ చంకనేసుకుని జనం అడవి దారుల్లో గోదావరి తీర జిల్లాల వైపు వచ్చారు. ఇక్కడ వాళ్లకు గుత్తికోయలని పేరు పెట్టాం. జుడుం కోసం యువకుల చేతికి తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికి వాళ్ల గుడిసెలు ములుగు, ఖమ్మం అడవుల్లో ఆరేళ్లు తడిసి ఉన్నాయి.

అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టా కావాలంటే 2005 డిసెంబర్ 13కు ముందే ఆ నేల మీద ఉండాలి. జుడుం మొదలైన ఆరు నెలల్లోగా కొంప వదిలి, అడవి దాటి, చెట్టు కొట్టి, దున్ని కూర్చోవాలన్నమాట. చాలామంది ఆలస్యం చేశారు. ఊరు తగలబడేదాకా ఆగారు. ముందుచూపు లేని కొనుగోలుదారులు. ప్రీ లాంచ్‌లో రాకపోతే ఏమవుతుందో మా తమ్ముడిని అడిగితే చెప్పేవాడు.

ఏటా మాఘం దాటగానే మిర్చి చేలల్లో కాయ ఏరడానికి బీజాపూర్ నుంచి ఆటోల్లో, ట్రాక్టర్లలో కూలీలు ఇటు వస్తారు. 2020 ఏప్రిల్ లాక్‌డౌన్‌లో బళ్లన్నీ ఆగిపోయాక, పేరూరు మిర్చి చేల నుంచి ఒక గుంపు ఇంటికి నడక మొదలెట్టింది. రోడ్డు మీద పోనివ్వరని అడవిలో నడిచారు. అందులో పన్నెండేళ్ల ఆడపిల్ల మూడు రోజులు నడిచి, ఊరు ఇంకాస్త దూరముందనగా చనిపోయింది. కనెక్టివిటీ అన్న మాట మీద నాకు ఈ గైడులో జోకు మిగల్లేదు.

సైట్ విజిట్

తర్లగూడలో ఓ ఇంటి ముందు కారాపాం. మట్టిగోడ, పెంకుల కప్పు, శుభ్రంగా అలికిన వాకిలి. ఓ ముసలమ్మ నులకమంచం మీద ఇప్పపువ్వు ఆరబోస్తోంది. పువ్వును పువ్వు మీద పడనీయకుండా, వేళ్లతో ఒక్కొక్కటీ విడదీస్తోంది. తియ్యటి పులుపు వాసన. మా తమ్ముడు కళ్లతోనే వాకిలి కొలిచేశాడు.

"అవ్వా, ఈ జాగ ఎన్ని గజాలుంటది?"

"గజం అంటే ఏంది బిడ్డా?"

మా తమ్ముడు మూడడుగులు చూపించాడు. ఆమె ఆ మూడడుగులు చూసింది, అతణ్ణి చూసింది. "అండ్ల పండుకుంటే కాళ్లు బయటికొస్తయి గదా" అంది.

"అమ్మేదుందా అని అడుగుతుండు" అన్నాను నేను, ఈ వ్యవహారంతో నాకు సంబంధం లేనట్టు.

ఆమె పువ్వు విడదీయడం ఆపలేదు. "మేం మిరపకాయ ఏరనీకి మీ దిక్కు వస్తం. రెండు నెలలు ఉంటం. చేను గట్టు మీద నల్ల కవరు కట్టుకుంటం, వాన కొడితే అండ్లనే. మాకు అక్కడ జాగ ఎవరన్న అమ్ముతరా?"

అప్పుడే తట్టింది. ఆమె హైదరాబాద్‌లో ఇల్లు కొనడానికి ఏ చట్టమూ అడ్డు లేదు. 1/70 లేదు, 165 లేదు. రేపు పొద్దున్నే ఉప్పల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు, రాజ్యాంగం ఆమెకు పూర్తిగా తలుపులు తెరిచిపెట్టింది. ఇక్కడ కొనడానికి నాకు డబ్బు అడ్డు లేదు. ఉన్న అడ్డల్లా ఒక్క చట్టం. ఈ ఊరికి ఉన్న ప్రహరీ గోడ అదొక్కటే. మేము కారేసుకొచ్చింది దాంట్లో సందు వెతకడానికి.

"ఉప్పల్ల గజం ఎంతుంటది?" ఆమె మళ్లీ అడిగింది, ఈసారి మా తమ్ముణ్ణి.

ఇరవై ఏళ్లలో అతను రేటు చెప్పకుండా తప్పించుకున్న మొదటి కస్టమర్ ఆమే. టైర్‌లో గాలి చూసొస్తానని కారు దగ్గరికి వెళ్లాడు. నాలుగు టైర్లూ చూసి, స్టెప్నీ కూడా చూశాడు.