తెలిసిన కథే, అయినా కూర్చున్నాం

"తాతా, హంతకుడెవరో ముందే చూపించేశారుగా! ఇంకేం చూడాలి?"

డిసెంబరు సెలవులకి వచ్చిన మా మనవడు అన్న మాట ఇది. పదిహేడేళ్లవాడు, తెలివైనవాడు. ముచ్చటపడి 'కొలంబో' అనే పాత అమెరికన్ డిటెక్టివ్ సీరియల్ పెట్టాను వాడికోసం. పావుగంట కాకముందే చేతిలోకి ఫోను వచ్చింది. కాసేపటికి రిమోట్ అందుకుని ఒకటిన్నర రెట్ల వేగం పెట్టాడు. కొలంబోగా వేసిన పీటర్ ఫాక్ మాటకీ మాటకీ మధ్య తీసుకునే ఊపిరి మొత్తం ఎగిరిపోయింది. ఆయన తల గోక్కోవడం, జేబులు తడుముకోవడం, గుమ్మం దాకా వెళ్లి ఆగడం, అన్నీ కోడి గింజలు ఏరుకున్నట్టు అయిపోయాయి. ప్రాణం ఉసూరుమంది. రిమోట్ తీసేసుకున్నాను. వాడు నొచ్చుకున్నాడు. నొచ్చుకున్నా సరే, చెప్పాల్సింది చెప్పాలి కదా.

మా రోజుల్లో, మా తెనాలిలో, పందిట్లో రాయబారం వేస్తే తెల్లవార్లూ కూర్చునేవాళ్లం. కృష్ణుడు సంధి కుదర్చకుండానే తిరిగొస్తాడని చాప పరుచుకున్న ప్రతి మనిషికీ తెలుసు. ఒళ్లో నిద్రపోతున్న పిల్లాడికీ తెలుసు. ఏమవుతుందో తెలుసుకోవడానికి ఎవడూ రాలేదక్కడికి. ఆ వేషగాడు దుర్యోధనుడి వైపు ఎలా తిరుగుతాడు, పద్యం ఎలా ఎత్తుకుంటాడు, రాగం ఎక్కడ నిలుపుతాడు, అదీ చూడ్డానికి వచ్చేవాళ్లు. బాగుంటే వన్స్‌మోర్ అనేవాళ్లు, ఆయన మళ్లీ పాడేవాడు. ముగింపు ముందే తెలిస్తే రుచి పోతుందనే జబ్బు మాకు లేదు.

అందుకే కాబోలు, 1972లో ఈ అమెరికా దేశానికి వచ్చిన నాకు కొలంబో మొదటిరోజే అర్థమైపోయాడు. అప్పటికి నాకు ఇక్కడి ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది. మేం కనెటికట్‌లో హార్ట్‌ఫర్డ్ దగ్గర ఉండేవాళ్లం. చుట్టుపక్కల నాలుగే తెలుగు కుటుంబాలు, వాటిలో కలర్ టీవీ ఉన్న ఇల్లు ఒకటే. ఆదివారం సాయంత్రం పులిహోర గిన్నె, పెరుగు డబ్బా పట్టుకుని అందరం అక్కడికే చేరేవాళ్లం. ఎన్‌బీసీలో ఆదివారం రాత్రి మిస్టరీ మూవీ అని వచ్చేది. ఒక వారం 'మెక్‌క్లౌడ్', ఒక వారం 'మెక్‌మిలన్ అండ్ వైఫ్', వంతు వచ్చినప్పుడు 'కొలంబో'. ఏడాది మొత్తానికి ఎనిమిది దాటేవి కావు. పేపర్లో ఈ వారం కొలంబో అని కనిపిస్తే ఆ ఇల్లాలు మర్నాటి వంట కూడా శనివారమే చేసిపెట్టేది. ఇప్పుడు పది భాగాలూ ఒక్క రాత్రే కుమ్మరిస్తున్నారు. మూడురోజుల తర్వాత అందులో నటించిన మనిషి పేరేమిటని అడిగితే చెప్పేవాడు లేడు.

కొలంబో అనే పేరు వెనక మనిషి కథ కూడా చెప్పాలి, మా మనవడికి తెలియదు గనక.

పీటర్ ఫాక్ 1927 సెప్టెంబరు 16న న్యూయార్క్‌లో పుట్టాడు. పక్కనే హడ్సన్ నది ఒడ్డున ఒస్సినింగ్‌లో పెరిగాడు. మూడేళ్ల వయసులో కంట్లో కేన్సర్ గడ్డ లేస్తే కుడికన్ను తీసేశారు. అప్పట్నుంచీ గాజు కన్నే. ఆ కన్నుతోనే బడిలో బేస్‌బాల్ ఆడాడు. ఒకసారి అవుటిచ్చిన అంపైర్ చేతిలో ఆ గాజుకన్ను తీసిపెట్టి, నీకే ఎక్కువ అవసరం అన్నట్టు చూశాడని ఆయనే చెప్పుకున్నాడు. ఒంటికన్నువాణ్ని సైన్యంలోకి తీసుకోలేదు. సరుకు ఓడల్లో వంటవాడుగా పోయాడు. తిరిగొచ్చి చదువుకుని, 1953లో సిరాక్యూస్ విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ పాలనలో మాస్టర్స్ పట్టా తీసుకున్నాడు. తర్వాత కనెటికట్ రాష్ట్ర ప్రభుత్వపు బడ్జెట్ ఆఫీసులో ఉద్యోగం. ఎక్కడనుకున్నారు? మా హార్ట్‌ఫర్డ్‌లోనే. నేను రోజూ బస్సు దిగే ఊళ్లోనే ఆయన ఇరవయ్యేళ్ల ముందు ఫైళ్లు తిరగేశాడు.

ఇవా ల గాలియెన్ అని రంగస్థలం మీద మహానటి. వెస్ట్‌పోర్ట్‌లో ఆవిడ నటులకి పాఠాలు చెప్పేది. నటుణ్నని చెప్పుకుని ఫాక్ అందులో చేరాడు. ఆఫీసు వదిలాక కారేసుకుని వెళ్లేసరికి ప్రతిసారీ ఆలస్యమే. ఏమిటయ్యా ఈ ఆలస్యం అని ఆవిడ అడిగితే హార్ట్‌ఫర్డ్ నుంచి వస్తున్నానన్నాడు. అక్కడ నాటకాలే లేవే, ఏం చేస్తుంటావని మళ్లీ అడిగింది. నిజం ఒప్పుకున్నాడు, నేను నటుణ్ని కాదన్నాడు. అయితే అయితీరాలి అందావిడ. ఆ మాట పట్టుకుని 1956లో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. ఇరవైతొమ్మిదేళ్ల వయసు. గాజుకన్ను. సర్కారు కొలువు. ఇన్ని ఉండగా వదిలేశాడు, ఒక గురువు ఒక్కమాట అన్నందుకు.

ఇప్పుడైతే? అందమైన మొహం ఉండాలి, గుండెల మీద కండలు పలకలు పలకలుగా ఉండాలి, ముందే లక్షల మంది అనుచరులు ఫోన్లో ఉండాలి. ఆ రోజుల్లోనూ అడ్డుపడ్డవాళ్లు లేకపోలేదు, దాచను. కొలంబియా స్టూడియో అధిపతి హారీ కోన్, అదే డబ్బుకి రెండు కళ్లున్నవాడు దొరుకుతాడుగా అని పంపించేశాడు. కానీ తలుపు మూసినవాడు ఒకడైతే, మనిషిలో పనితనం చూసి తెరిచినవాళ్లు పదిమంది ఉండేవాళ్లు. 1960లో 'మర్డర్ ఇన్‌కార్పొరేటెడ్'లో కిరాయి హంతకుడి వేషం, మరుసటేడు 'పాకెట్‌ఫుల్ ఆఫ్ మిరకిల్స్'. వరసగా రెండేళ్లు ఆస్కార్ నామినేషన్. 1962లో ఒక టీవీ నాటకంలో టమాటాలు తోలే లారీ డ్రైవరుగా వేసిన వేషానికి ఎమ్మీ అవార్డు.

కొలంబో పాత్ర ముందు ఆయనకి రాసింది కాదు. రిచర్డ్ లెవిన్‌సన్, విలియం లింక్ అని ఫిలడెల్ఫియాలో చిన్ననాటి స్నేహితులు ఇద్దరు. డాస్టోయెవ్‌స్కీ 'క్రైమ్ అండ్ పనిష్‌మెంట్'లో పోలీసు అధికారి పోర్ఫిరీని మనసులో పెట్టుకుని ఈ మనిషిని తయారుచేశారు. గాయకుడు బింగ్ క్రాస్బీ వెయ్యాలనుకున్నారు, ఆయన వద్దన్నాడు. 1968లో ఫాక్‌కి దొరికింది. గుమ్మం దాకా వెళ్లి, చెయ్యెత్తి, ఇంకొక్కమాటండీ అంటూ వెనక్కి తిరిగే అలవాటు ఎలా పుట్టిందో తెలుసా? ఆ ఇద్దరూ నాటకం రాసేటప్పుడు కొలంబోని బయటికి పంపేశాక, ఆ సీను పొట్టిగా వచ్చిందని తెలిసింది. టైపు కొట్టిన కాగితం మళ్లీ కొట్టలేక, వెళ్లినవాణ్నే వెనక్కి పిలిపించారు. ఆ తిరిగి రావడాన్ని ఫాక్ ముప్ఫై అయిదేళ్లు చేశాడు. ఒక్కసారి కూడా ముందటిసారిలా చెయ్యలేదు.

ఆ నలిగిన వానకోటు స్టూడియో వాళ్లు కుట్టించింది కాదు. న్యూయార్క్‌లో ఒకనాడు వానలో చిక్కుకుని దుకాణంలోకి దూరి కొనుక్కున్న సొంత కోటు. ఆ పాత ప్యూజో 403 కారు కూడా స్టూడియో షెడ్డులో ఓ మూల పడుంటే ఆయనే ఏరుకున్నాడు. పాత్రకి ఏం కావాలో నటుడికి తెలిసేది. ఇవాళ నటుడు చొక్కా మార్చుకోవాలన్నా పదిమంది కూర్చుని మీటింగు పెడతారు.

1971 సెప్టెంబరు 15న వరస మొదలైంది. ఆ మొదటి భాగం తీసింది ఇరవైనాలుగేళ్ల కుర్రాడు, స్టీవెన్ స్పీల్‌బర్గ్. టైపురైటర్ టకటకలతో మొదలవుతుంది. ఆ కుర్రాణ్ని నమ్మి పని చేతికిచ్చినవాళ్లూ ఆ రోజుల వాళ్లే.

మనవడికి నేను పెట్టింది 1973 అక్టోబరులో వచ్చిన భాగం. ఏడ్రియన్ కార్సీని అనే వైన్ తయారీదారు, డొనాల్డ్ ప్లెజెన్స్ వేశాడు. వ్యాపారం అమ్మేస్తానన్న సవతి తమ్ముణ్ని కొట్టి, వైన్ నేలమాళిగలో కట్టేసి, ఏసీ ఆపి, న్యూయార్క్ వెళ్లిపోతాడు. తమ్ముడు ఊపిరాడక పోతాడు. ఇదంతా మొదట్లోనే కళ్లారా చూస్తాం. ఆ తర్వాత ఏముందంటాడు మా వాడు. ఆ తర్వాతే అంతా ఉంది! వైన్ సంగతి బొత్తిగా తెలియని కొలంబో కూర్చుని నేర్చుకుంటాడు. కార్సీనిని పెద్ద హోటలుకి పిలిచి ఖరీదైన పోర్ట్ వైన్ పోయిస్తాడు. గుటక వేసీ వెయ్యగానే కార్సీని మండిపడతాడు, ఇది వేడికి పాడైపోయిందని. ఆ సీసా అతని మాళిగలోదే. ఏసీ ఆగిన రోజుల్లో ఎండకి చెడిందే. అతని నాలుకే సాక్ష్యం చెప్పింది. తుపాకీ లేదు, కారుతో వెంటాడ్డం లేదు.

చివర్లో ఇద్దరూ ఆ పాత ప్యూజోలో కూర్చుంటారు. అరెస్టయినవాడికి కొలంబో ఒక తీపి వైన్ పోసి ఇస్తాడు. సరైన సమయానికి సరైన వైన్. కార్సీని రుచి చూసి, బాగా నేర్చుకున్నావంటాడు. కొలంబో మొహం చూడండి అప్పుడు. పరీక్ష గట్టెక్కిన బడిపిల్లాడి మొహం. అవతలివాడు హంతకుడు, అయినా పనితనం తెలిసినవాడు. ఆ గౌరవం ఫాక్ ఒక్క కంట్లో కనిపిస్తుంది. ఒకటిన్నర రెట్ల వేగంలో కనిపించదు నాయనా, అది కనిపించదు.

టీవీలో సంపాదించింది ఆయన ఏం చేశాడు? స్నేహితుడు జాన్ కసవేటిస్ 'ఎ వుమన్ అండర్ ది ఇన్‌ఫ్లుయెన్స్' తీస్తానంటే ఏ స్టూడియో డబ్బివ్వలేదు. కసవేటిస్ ఇల్లు తాకట్టు పెట్టాడు. ఫాక్ తన జేబులోంచి 5 లక్షల డాలర్లు పెట్టి, మతి చెదిరిన ఇల్లాలికి మొగుడుగా వేషం కూడా వేశాడు. మట్టిపని మేస్త్రీ వేషం. భార్యగా జీనా రోలండ్స్. 1974లో వచ్చిందది. జీనాకీ కసవేటిస్‌కీ ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. ఇవాళ్టి తారలకి టీవీలో నాలుగు రాళ్లు రాగానే సెంటు సీసాకో, సారా సీసాకో తమ పేరు తగిలించి అమ్ముకోవడమే తెలుసు. సాటి కళాకారుడికోసం సొంత డబ్బు పెట్టే స్నేహాలు ఇప్పుడెక్కడున్నాయో చూపించండి నాకు.

మొదటి విడత 1978లో ఆగింది. 1989 నుంచి ఏబీసీలో మళ్లీ వచ్చి 2003 దాకా సాగింది. మొత్తం 69 భాగాలు. ఈ పాత్రకే నాలుగు ఎమ్మీలు. చివరి ఏళ్లలో ఆల్జీమర్స్ వచ్చి, 2011 జూన్ 23న బెవర్లీ హిల్స్‌లో ఇంట్లోనే పోయాడు. ఎనభైమూడేళ్లు.

1987లో ఆయన వేసిన వేషం ఒకటుంది, 'ది ప్రిన్సెస్ బ్రైడ్'లో తాత. మనవడు జ్వరంతో మంచంలో వీడియోగేమ్ ఆడుకుంటుంటే, తాత ఒక పాత పుస్తకం పట్టుకొస్తాడు. మనవడు మొహం చిట్లిస్తాడు. తాత చదవడం మాత్రం ఆపడు. సినిమా అయ్యేసరికి, రేపొచ్చి మళ్లీ ఇదే చదవమని మనవడే అడుగుతాడు. తెలిసిన కథే, మళ్లీ కావాలంటాడు.

ఆ రిమోట్ గొడవ జరిగిన మర్నాడు సాయంత్రం మా వాణ్ని మళ్లీ కూర్చోబెట్టాను. ఫోన్లు రెండూ, నాదీ వాడిదీ, వంటింట్లో పెట్టాం. వేగం ముట్టుకోలేదు. హోటల్లో కార్సీని మండిపడ్డప్పుడు వాడు సోఫాలో ముందుకి జరిగాడు. కారులో వైన్ పోస్తున్నప్పుడు మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

మీ ఇంట్లోనూ మనవలో పిల్లలో ఉంటారు. ఈ ఆదివారం ఒక్క గంటన్నర కేటాయించండి. ఫోన్లు వంటింట్లో పెట్టండి. హంతకుడెవరో వాళ్లకి ముందే చెప్పెయ్యండి, ఫరవాలేదు. పక్కన కూర్చుని, మామూలు వేగంలో చూపించండి.